పరీక్ష మెయిలు

మౌస్‌ప్యాడ్ అంచు పట్టుకుని ఎత్తి, కింద కాగితం ఉందని చూసుకుని, మళ్లీ పరిచాడు. ఆ తర్వాతే కంప్యూటరు స్విచ్చి వేశాడు. పద్ధెనిమిదేళ్లుగా ఆఫీసులో అతని రోజు ఇలాగే మొదలవుతోంది. ఈ రోజు సాయంత్రం అయిదింటికి ఉద్యోగం అయిపోతుంది.

ఆ కాగితం ఒక మెమో. నాలుగు మడతలు పెట్టి ఉంటుంది. అది అందిన రోజు ఇంటికి పట్టుకెళ్తే భార్య గుమ్మంలోనే ఆపేసింది. "మీరు రండి. అది మాత్రం ఈ గడప లోపలికి రాకూడదు" అంది. చింపి పారేసి వస్తాడనుకుంది. అతను వెనక్కి ఆఫీసుకి వెళ్లి, దాన్ని మౌస్‌ప్యాడ్ కింద పెట్టి, అప్పుడు ఇంటికి వెళ్లాడు.

యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో, కిటికీ లేని మూలన అతని బల్ల. పొట్టి మనిషి. జీవితంలో సగం ఇతరుల బల్లల కింద దూరి తీగలు వెతకడంతోనే గడిచింది కాబట్టి మెడ కాస్త ముందుకు వంగిపోయింది. ప్యాంట్లన్నీ మోకాళ్ల దగ్గరే ముందు పలచబడతాయి. చొక్కా జేబులో ఎర్ర పిడి స్క్రూడ్రైవరు, రెండు పెన్నులు, కళ్లజోడు. ఆ బరువుకి జేబులు చిరుగుతాయని భార్య ప్రతి చొక్కాకీ లోపలి వైపు ఇంకో గుడ్డముక్క వేసి కుడుతుంది.

అతని పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. యూనివర్సిటీలో ఎవరికి కొత్త కంప్యూటరు వచ్చినా అందులో మెయిలు ప్రోగ్రాం పెట్టి, వాళ్ల ఖాతా కలిపి, పని చేస్తోందని చూపించి, చీటీ మీద సంతకం తీసుకుని రావాలి. అందరూ ఫోన్లలో చూసుకునే ఈ కాలంలో కూడా, పెద్ద ప్రొఫెసర్లకి బల్ల మీద కంప్యూటర్లో కనిపిస్తేనే మెయిలు వచ్చినట్టు. ఖాతా కలిపాక అతను తప్పకుండా చేసేది ఒకటుంది. ఆ ఖాతా నుంచి ఒక మెయిలు బయటికి పంపిస్తాడు. దానికి జవాబు తిరిగొచ్చేదాకా కుర్చీలోంచి లేవడు. దాన్ని పరీక్ష మెయిలు అంటాడు. వెళ్లింది చాలదు, అందినట్టు తెలియాలి అంటాడు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. ఎంత విసుక్కున్నా అతను లేవడు.

వెనకాల అతన్ని మాయం మేస్త్రి అంటారు. ఒక్కోసారి ముఖం మీదే అంటారు.

ఆ పేరు పెట్టింది అప్పటి డీన్. ఆ రోజుల్లో యూనివర్సిటీలో అందరి ఉత్తరాలూ ఉండే మెయిలు సర్వరు అతని చేతిలో ఉండేది. అద్దాల తలుపు గదిలో, ఒక్కో డిస్కూ తన చేత్తో బిగించి నిలబెట్టిన సర్వరు. ఒక శనివారం పాత డిస్కు తీసి కొత్తది వేశాడు. సోమవారం పొద్దున డీన్ వచ్చి మెయిలు తెరిస్తే ఖాళీ. నాలుగు వేల పైచిలుకు ఉత్తరాల్లో ఒక్కటీ లేదు. "సార్, ఇంట్లో కంప్యూటర్లో ఏమైనా మెయిలు పెట్టుకున్నారా?" అని అతను అడిగాడు. ఆ పని తెలిసినవాడు మొట్టమొదట అడగాల్సింది అదే. మెయిలు ప్రోగ్రాంలో 'సర్వర్లో ఒక నకలు ఉంచు' అని చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టకపోతే ఉత్తరాలన్నీ ఆ కంప్యూటర్లోకి దిగిపోయి, సర్వర్లో ఏమీ మిగలదు. సెంటరు మనిషిని పిలవకుండా సొంతంగా పెట్టుకునేవాళ్లు చేసే పొరపాటు అది. డీన్ జవాబు చెప్పలేదు. ఆ వారం నిండు సమావేశంలో మాత్రం, "నా ఉత్తరాలు మాయం చేసి, పైగా నాకే పాఠాలు చెప్తున్నాడు మన మాయం మేస్త్రి" అన్నాడు. గదంతా నవ్వింది.

విచారణ జరిగింది. మెమో వచ్చింది. ప్రమోషను ఆగిపోయింది. అద్దాల గది తాళం తీసేసుకుని, గది గదికీ తిరిగి ఖాతాలు పెట్టే పనిలో వేశారు. క్యాంపస్ బడిలో చదువుకునే కూతురు ఒకరోజు ఇంటికొచ్చి, "నాన్నా, మా క్లాసులో ఎవరి పెన్సిలు పోయినా నిన్నడగమంటున్నారు, ఎందుకు?" అంది. ఎనిమిదేళ్ల పిల్ల. ఏడవలేదు, అర్థం కాక అడిగింది, అంతే. పద్ధెనిమిదేళ్లు పళ్లు నూరుకోవడానికి అతనికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

సోమవారం వచ్చిన పని చీటీల్లో డీన్ ఇంటి అడ్రసు కనిపించింది. పెద్ద హోదాల్లో చేసి రిటైరైనవాళ్ల ఖాతాలు యూనివర్సిటీ తీసేయదు. కొత్త కంప్యూటరు కొన్నారట. పాతదాన్లో ఉన్నవి అందులోకి తెచ్చి, మెయిలు పెట్టాలట. అతను ఆ చీటీని అన్నిటికన్నా అడుక్కి తోసి, తను రిటైరయ్యే శుక్రవారం దాకా పైకి రానివ్వలేదు.

"చివరి రోజు కూడా తిరగడమేంటండీ? కూర్చోండి, ఇంకెవరినైనా పంపిస్తాను" అంది సెక్షన్ ఇన్‌ఛార్జి. నలభై దాటిన మనిషి, ఈ ఆఫీసుకి వచ్చి ఆరేళ్లు.

"నేనే వెళ్తానమ్మా. పాత పరిచయం" అన్నాడు.

ఏం చేయాలో నాలుగు రోజులుగా ఆలోచించే పెట్టుకున్నాడు. ఆ గడిలో టిక్కు తీసేస్తాడు. దిగిన ఉత్తరాలు ఎక్కడ దాచాలని ప్రోగ్రాం అడిగినప్పుడు, కంప్యూటరు వారానికోసారి తనంతట తానే ఊడ్చి పారేసే ఫోల్డరు ఒకటుంటుంది, అది చూపిస్తాడు. వచ్చే శుక్రవారానికి డీన్‌గారి ఉత్తరాలు ఇక్కడా ఉండవు, అక్కడా ఉండవు. చేతికి మట్టి అంటదు. శిక్ష ఎప్పుడో అనుభవించేశాడు, ఇంక నేరమే మిగిలింది. రేపటినుంచి ఉద్యోగే కానివాడికి మెమో ఎవరిస్తారు? బస్సులో ఆ మాట తలుచుకుంటే నవ్వు ఆగలేదు. పక్క సీటాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

తలుపు తీసింది డీనే. డెబ్బై నాలుగేళ్లుంటాయి. మనిషి ఎండిపోయాడు గానీ గొంతు అదే. శుభ్రంగా గీసుకున్న గడ్డం, మడత నలగని చొక్కా, చేతిలో పేపరు.

"రావయ్యా. ఆఫీసులో కొత్తగా చేరావా?"

అరవయ్యో ఏట రిటైరవుతున్న మనిషిని అడగాల్సిన మాటేనా! "చాలా కాలమైంది సార్" అన్నాడు.

"ఎక్కడా చూసినట్టు లేదే."

గుర్తుపట్టి తిట్టినా కడుపు ఇంత మండేది కాదు. ఒక మనిషి బతుకుని తుంచి అవతల పారేసి, ఆ ముఖం కూడా గుర్తుపెట్టుకోలేదు. సంచీ పట్టుకుని లోపలికి నడిచాడు.

చదువుకునే గదిలో మూడు గోడలకీ పుస్తకాలే. బల్ల మీద పాత కంప్యూటరు, పక్కన ఇంకా సీలు తీయని కొత్త అట్టపెట్టె. డీన్ భార్య అట్టపెట్టె ముందు నిలబడి, దాని మీద ఉన్నదంతా పైకి చదువుతోంది. "పెళుసు వస్తువు, జాగ్రత్తగా దించవలెను. తడి తగలనీయరాదు." అతన్ని చూసి నవ్వింది. "ముప్పై అయిదేళ్లు చిన్నపిల్లలకి చదువు చెప్పాను బాబూ. కంటికి కనపడిందల్లా పైకి చదివేస్తాను. ఈయన చెవులు చిల్లులు పడుతున్నాయంటారు."

"ఎవరి చెవులైనా పడతాయి" అన్నాడు డీన్, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పేపరు విప్పుతూ. ఆ మాటలో కోపం లేదు. భార్యని చూసినప్పుడు ఆ ముఖం మెత్తబడటం అతను గమనించాడు.

కంప్యూటరు పెట్టెలోంచి తీసి, తీగలు కలిపి, బల్ల కిందికి దూరి ప్లగ్గు పెట్టి వచ్చాడు. ఆవిడ స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"ఇది నా కోసమే బాబూ. ఆయన ఖాతాలోనే నేనూ రాసుకుంటాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఎక్కడెక్కడి నుంచో రాస్తుంటారు. పాతదాన్లో అక్షరాలు చీమల్లా ఉండి కనపడవు. జాగ్రత్త సుమా, ఒక్కటి కూడా పోకూడదు. వెనకటికి మీ ఆఫీసులోనే ఎవడో ఈయన మెయిళ్లన్నీ పోగొట్టాడు. వారం రోజులు మనిషి సరిగ్గా అన్నం తినలేదు. ఏమండీ, ఏమనేవారు వాణ్ని? మాయం..."

"ఇప్పుడెందుకే అదంతా" అన్నాడు డీన్ పేపరు వెనకనుంచి.

"మాయం మేస్త్రి!" గుర్తొచ్చినందుకు ఆవిడ మురిసిపోయింది. "ఉన్నాడా ఇంకా?"

"ఉన్నాడమ్మా. ఈ రోజుతో రిటైరవుతున్నాడు."

"పోన్లే. ఇంకెవరివీ పోగొట్టకుండా."

పుండు మీద కారం చల్లినా ఇంత మంట ఉండదు. అయినా పని ఆపలేదు. పేరు, మెయిలు అడ్రసు నింపాడు. డీన్ లేచి వచ్చి పాస్‌వర్డు కొట్టి వెళ్లాడు. సర్వరు పేర్లు నిద్రలో అడిగినా చెప్పగలడు, అవీ అయ్యాయి. చివరి పేజీ వచ్చింది. 'సర్వర్లో ఒక నకలు ఉంచు.' గడిలో టిక్కు ఉంది. మౌసు దాని మీద పెట్టి నొక్కాడు. గడి ఖాళీ అయింది. దాచే చోటు మార్చాడు. ఇంక 'ముగించు' అన్నది నొక్కడమే తరువాయి.

"ముందు ఆ పాతవి తెచ్చెయ్యి బాబూ" అంది ఆవిడ. "తర్వాత మర్చిపోతే మళ్లీ నిన్ను పిలవాలి."

కాదనడానికి కారణం కనపడలేదు. ఆ పేజీని అలాగే ఉంచి పాత కంప్యూటరు తెరిచాడు. అది రొప్పుతూ రొప్పుతూ లేచింది. అందులో పాతకాలపు మెయిలు ప్రోగ్రాం ఉంది. ఎడమ పక్క ఫోల్డర్ల వరసలో, ఎవరూ ముట్టనట్టు ఒకటి. దాని పక్కన అంకె నాలుగు వేల మూడు వందల పన్నెండు.

ఆ అంకె అతనికి నోటికొచ్చు. మెమోలో రెండో పేరాలో ఉంది. పోయిన ఉత్తరాల సంఖ్య.

తెరిచాడు. అన్నీ ఆ సోమవారానికి ముందువే. ఇక్కడే ఉంటాయని మొదటిరోజే చెప్పాడు, ఎవరూ చెవిన వేసుకోలేదు. అయినా ఊహించడం వేరు, కళ్లెదుట పేర్చి ఉండగా చూడటం వేరు. వెనక్కి తిరిగి చూశాడు. డీన్ పేపరు తిప్పుతున్నాడు. పాపం, ఈ మనిషికి తెలియదేమో, కంప్యూటర్ల సంగతి తెలియని పెద్దమనిషి కదా అని ఒక్క క్షణం అనిపించింది.

ఆ క్షణంలోనే ఇంకో ఫోల్డరు మీద కన్ను పడింది. రాసి పంపకుండా వదిలేసినవి అందులో ఉంటాయి. ఒకే ఒక్కటి ఉంది. ఇతరుల ఉత్తరాలు చదవకూడదన్నది అతని నియమం, ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ తప్పాడు.

రిజిస్ట్రారుకి రాసిన ఉత్తరం అది. కాపీ కంప్యూటర్ సెంటరుకి, ఇంకో కాపీ తన పేరుకే. నాలుగే వాక్యాలు. కింద పేరు, హోదా. ఎక్కడా సగంలో ఆగిన వాక్యం లేదు, అంతా అయిపోయింది, పంపడమే మిగిలింది. తేదీ పద్నాలుగు. అతనికి మెమో వచ్చింది అదే నెల ఇరవై అయిదున. మధ్యలో పదకొండు రోజులు ఆ ఉత్తరం ఈ గదిలో, ఈ బల్ల మీద కూర్చుంది. ఆ తర్వాత పద్ధెనిమిదేళ్లు కూర్చుంది.

తెలియక చేసినవాడి మీద కక్ష ఒక రకం. తెలిసి నోరు మూసుకున్నవాడి మీద కక్ష వేరే రకం. ఇన్నాళ్లూ తనది మొదటి రకం అనుకున్నాడు. ఈ మనిషి ఉత్తరాలు పోగొట్టి ఏం లాభం? ఇప్పుడు ఒక్క ఉత్తరం కూడా పోకూడదు, ముఖ్యంగా ఆ ఒక్కటీ. కొత్త కంప్యూటరు వైపు తిరిగి, ఖాళీ గడిలో మళ్లీ టిక్కు పెట్టాడు. దాచే చోటు సరిచేశాడు. 'ముగించు' నొక్కాడు. ఉత్తరాలు దిగడం మొదలైంది. పాతవన్నీ డిస్కు మీద ఎక్కించి తెచ్చి, వాటి పక్కన పేర్చాడు. ఇంత శ్రద్ధగా ఏ ఖాతా పెట్టలేదేమో.

"అమ్మా, అక్షరాలు పెద్దవి చేస్తాను. చదవడానికి హాయిగా ఉందో లేదో చెప్పండి" అన్నాడు.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని ముందుకి జరిగింది. అతను ఆ ఉత్తరం తెరిచి, అక్షరాలు రెండింతలు చేసి, కుర్చీ పక్కకి లాక్కున్నాడు.

"ఆహా, ఎంత బాగుందో! 'రిజిస్ట్రారు గారికి.' ఇలా ఉండాలి బాబూ అక్షరమంటే. 'నా ఉత్తరాలు పోయినట్లు నేను చేసిన ఫిర్యాదు విషయమై. అవన్నీ మా ఇంటి కంప్యూటరులో ఉన్నట్లు ఈ రోజు గమనించాను. పొరపాటు నాదే...'"

పేపరు చప్పుడు ఆగిపోయింది.

"'...పొరపాటు నాదే. సర్వరు చూసే ఉద్యోగి తప్పేమీ లేదు గనుక, అతనిపై ఎలాంటి చర్యా తీసుకోవద్దని...'" ఆవిడ గొంతు తగ్గుతూ వచ్చింది, కానీ మానలేదు. మొదలుపెట్టింది పూర్తి చేసే అలవాటు. "'...కోరుతున్నాను.'" కింద భర్త పేరు కూడా చదివింది. తేదీ చదివింది.

డీన్ లేచి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు లేదు. అతను ఆ ముఖాన్ని కళ్లప్పగించి చూశాడు. పద్ధెనిమిదేళ్ల ఆకలి తీరేలా చూశాడు. మొహమాటపడలేదు, చూపు తిప్పుకోలేదు.

"ఇది పంపలేదా మీరు?" అంది ఆవిడ.

"అది... అప్పుడు పరిస్థితి వేరు. చెబితే డీన్ పదవికే..." నీళ్లు నమిలాడు. తర్వాత అతని వైపు తిరిగి, ఒకప్పటి గొంతుతో, "తీసెయ్యవయ్యా ఆ చెత్త" అన్నాడు.

"మా పనిలో ఏదీ తీసెయ్యం సార్. పోగొట్టామంటారు తర్వాత."

డీన్ అతన్ని అప్పుడు చూశాడు. మెడ నుంచి జేబులోని స్క్రూడ్రైవరు దాకా. గుర్తుపట్టాడు.

ఆవిడ కూడా అర్థం చేసుకుంది. "మీరేనా బాబూ?" అంది. ఇంతసేపూ అతన్ని 'నువ్వు' అన్న మనిషి.

"నేనేనమ్మా."

"పిల్లలున్నారా?"

"ఒక కూతురు. అప్పటికి ఎనిమిదేళ్లు."

ఆవిడ అరచేతులతో మోకాళ్లు నొక్కుకుంది. ఎదురుగా ఆ పెద్దపెద్ద అక్షరాలు.

"ఇప్పుడు పరీక్షకి ఒక మెయిలు పంపాలమ్మా" అన్నాడతను, ఏ ఇంట్లోనైనా అనే మాటే. "అది వెళ్లి, జవాబొస్తేనే పని అయినట్టు."

"ఎక్కడ నొక్కాలి?"

"వద్దు" అన్నాడు డీన్.

"ఈ మూలనమ్మా. 'పంపు' అని ఉంది చూడండి."

ఆవిడ మౌసు పట్టుకుంది. బాణం రెండుసార్లు గురి తప్పింది. అతను సాయం చేయలేదు. మూడోసారి నొక్కింది. ఉత్తరం తెర మీంచి వెళ్లిపోయింది. నిమిషం తిరక్కుండానే రిజిస్ట్రారు ఆఫీసు నుంచి, అక్కడి యంత్రం పంపే జవాబు వచ్చింది. అది కూడా ఆవిడ పైకే చదివింది. "'మీ ఉత్తరం అందినది. మూడు పనిదినాలలో తగు చర్య తీసుకొనబడును.'"

చీటీ మీద సంతకం ఆవిడే పెట్టింది. డీన్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు, పేపరు కింద పడి ఉంది. భార్య అటు తిరిగి చూడలేదు. ఇంటినుంచి బయటపడి మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. జాలి వేస్తుందేమోనని బస్టాపు దాకా చూసుకున్నాడు. వేయలేదు.

ఆఫీసుకొచ్చేసరికి నాలుగు దాటింది. సెంటరుకి వచ్చిన కాపీ ఇన్‌ఛార్జి చదివేసింది. అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, చున్నీ అంచు మెలిపెట్టింది.

"నేను కూడా ఒకసారి మిమ్మల్ని ఆ పేరుతో..."

"అన్నారమ్మా. రెండుసార్లు."

పర్లేదు అనలేదు. సొరుగులోని పెన్నులు, టీ కప్పు, మాత్రల పెట్టె సంచీలో వేసుకున్నాడు. తాళాలు అప్పగించాడు. రిటైరైన మామూలు ఉద్యోగి ఖాతా ఆ సాయంత్రమే మూసేయాలని రూలు. ఆవిడ అతని కంప్యూటరు ముందే కూర్చుని ఆ ఫారం తెరిచింది.

"ఏమండీ, ఇప్పుడే ఇంకో మెయిలు వచ్చింది. వాళ్ల దగ్గర్నుంచే" అంది.

వంగి చూశాడు. డీన్ ఖాతా నుంచి. విషయం అన్నచోట ఏమీ లేదు. చదవని ఉత్తరం కాబట్టి వరసంతా నల్లగా, లావుగా ఉంది. రాసింది డీనా, ఆయన భార్యా? ఇద్దరూ అదే ఖాతాలో రాస్తారు. క్షమాపణా? శాపనార్థాలా? తన కూతురి గురించి ఆవిడ ఏమైనా అడిగిందా? చెయ్యి మౌసు దాకా వెళ్లింది.

పదకొండు రోజులు ఈ పాటి ఉత్తరం కోసమే ఎదురుచూశాడు ఒకప్పుడు. ఎవరైనా నాలుగు వాక్యాలు రాస్తారని. వెళ్లింది చాలదు, అందినట్టు తెలియాలి. ఇప్పుడు ఆ ఇంట్లో కూడా ఎవరో తెర ముందు కూర్చుని, అందిందో లేదోనని చూస్తుంటారు. చూడనీ.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మూసెయ్యండమ్మా."

"చదవరా?"

"వద్దు."

ఇన్‌ఛార్జి ఫారం వైపు తిరిగింది. అందులో చివర ఒక గడి ఉంటుంది. అడగడం ఆవిడ విధి. "సర్వర్లో నకలు ఉంచమంటారా?"

ఏసీ శబ్దం వింటూ నిలబడ్డాడు.

"అక్కర్లేదమ్మా" అన్నాడు.

ఆవిడ గడి ఖాళీగా వదిలి నొక్కింది. నల్లటి వరస పోయింది, తెర తెల్లబడింది. ఉద్యోగంలో ఇన్నేళ్లకి, అయిదింటికి రెండు నిమిషాల ముందు, అతను నిజంగానే ఒక ఉత్తరం పోగొట్టాడు.

సంచీ భుజాన వేసుకున్నాడు. ఇన్‌ఛార్జి లేచి నిలబడి తలుపు దాకా వచ్చింది. అతను వెనక్కి తిరగకుండా, అద్దాల గది పక్కనుంచి నడిచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. లోపల ఎవరో మూల దీపం ఆర్పారు. కిటికీ లేని ఆ మూలన ఖాళీ బల్ల మీద, మౌసు తిరిగి తిరిగి నడుమ అరిగిపోయిన మౌస్‌ప్యాడ్ పరిచినట్టే ఉంది, కింద ఉన్న కాగితం నాలుగు మడతలూ పైకి ఉబ్బి కనపడుతూ.